బామ్మర్దిని మోసిన భుజం

పూతలపట్టు మునిచంద్ర బామ్మర్దిని కుడి భుజం మీద, బియ్యం మూటను ఎడమ భుజం మీద వేసుకుని హిమాలయాన్ని దాటాడు. నడుం వంచకుండా దాటాడు. ఆయన అడుగు పడిన చోటల్లా మంచు కరిగి నీళ్లయింది, ఆ నీళ్లే అవతలి లోయలో వాగై ఇప్పటికీ పారుతున్నాయి. కనుమ నెత్తిన నిలబడి ఆయన గట్టిగా ఒక ఊపిరి పీలిస్తే పక్కనున్నవాళ్లకు గాలి చాలక కళ్లు తేలేశారు. సరిహద్దు కాపలా సిపాయిలు దుర్భిణిలో చూసి, రెండు తలల మనిషెవడో కొండ దిగి వస్తున్నాడని ఢిల్లీకి ఫోను కొట్టారు.

నమ్మకపోతే పూతలపట్టు కూడలిలో దిగండి. చిత్తూరు, తిరుపతి బస్సులు ఆగే చోట టీ అంగడి బాలచంద్రను అడగండి. ఆ సిపాయిల పేర్లు కూడా చెబుతాడు. అంగడి మీద ఫ్లెక్సీ కట్టి చాలా రోజులే అయింది. అందులో మునిచంద్ర వెనక తెల్లటి కొండలు, కొండల మీద సూర్యుడు, సూర్యుడి మీద ఊరి కుర్రకారు ఫొటోలు. ఎండకు కొండలు పచ్చబడి ఇప్పుడు పెసరపప్పు రాశుల్లా కనిపిస్తున్నాయి. మునిచంద్ర మాత్రం ఆ కూడలి మీదుగా పోవాల్సి వస్తే బస్సులో అటువైపు కిటికీ వదిలేసి ఇటువైపు కూర్చుంటాడు.

ఈ రెండు తలల మనిషికి అసలు ఉన్నది ఒక తలే. అదీ చదునైన తల. చిన్నప్పుడు మామిడికాయల కాలంలో దామలచెరువు మండీకి గంపలెత్తడానికి పోయి, కాలం అయిపోయాక బడికి తిరిగి రావడం మరిచిపోయాడు. ఆ నెత్తి మీదికి ఎక్కిన బరువు మళ్లీ దిగలేదు. గంపలు పోయి సోడా కేసులు వచ్చాయి, పూతలపట్టు పోయి తిరుపతి వచ్చింది. అలిపిరి నుంచి తిరుమలకు పోయే మెట్ల దారి పొడవునా అంగళ్లున్నాయి కదా. మెట్ల మీదికి లారీ రాదు, ఆటో రాదు. అక్కడ భక్తులు కొనుక్కునే సోడా, దోసకాయ, బిస్కట్టు, చివరికి పిల్లల చేతిలో తిరిగే కాగితపు గాలిచక్రం కూడా ఎవడో ఒకడి నెత్తి మీద ఎక్కి రావాల్సిందే. ఆ ఎవడో ఒకడు మునిచంద్ర.

మెట్ల దారి చివరలో మోకాళ్ల పర్వతం అని ఒక నిటారు ఎక్కుడు ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి మనుషులు కాయలు రాలినట్టు రాలిపోతారు. పొద్దున్నుంచి ఒక్కపొద్దు ఉండి ఎక్కేవాళ్లు, కడుపులో ఏమీ లేక తలనొప్పి అంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు, పక్కకు పోయి కక్కుకుంటారు. ఇంక నా వల్ల కాదని మెట్టు మీద చతికిలబడతారు. వాళ్లను చూస్తూ మునిచంద్ర ఊరికే పోలేడు. బరువు నెత్తి మీద ఉండగానే నిలబడి మొదలుపెడతాడు.

"ఏమవ్వా, స్వామి ఆడ నిలబడుకోనుంటే నువ్వీడ కూసుంటివే?"

"నా వల్ల కాదురా నాయనా. ఆ సోడా కేసు దించి నన్నెత్తుకో."

"సోడా కేసుకు కాళ్లు లేవవ్వా, అందుకని మోస్తాండా. నీకు రెండుండాయి. లెయ్యి!"

"ఇంకెంత దూరమప్పా?"

"అదో, ఆ మలుపే."

ఆ మలుపు ఎప్పుడూ కాదు. దాని తర్వాత ఇంకో మలుపు ఉంటుంది. ఆ సంగతి చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఆ దారిలో అది అబద్ధం కిందికి రాదు. మునిచంద్ర రొండిన దోపుకున్న సంచిలోంచి నిమ్మకాయ బద్ద, బెల్లం ముక్క తీసి చేతిలో పెట్టి, పైకి చూసి "గోవిందా!" అని ఒక కేక వేస్తాడు. పైనున్నవాళ్లు అందుకుంటారు, కిందున్నవాళ్లు అందుకుంటారు, మధ్యన కూర్చున్న మనిషి సిగ్గుపడి లేస్తాడు. ఎక్కడం మొదలుపెట్టినవాడు స్వామిని చూడకుండా సగంలో దిగిపోవడమంటే ఆ ప్రాంతంలో అంతకన్నా అపశకునం లేదు. అందుకే, తాను లేపిన మనిషి ఒక్కడూ వెనక్కి దిగలేదనేది మునిచంద్ర బతుకు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క గొప్ప. తాగినా చెప్పేవాడు, తాగకపోయినా చెప్పేవాడు.

ఆ గొప్పే చక్రధర్ చెవిన పడింది. చక్రధర్‌కు తిరుపతిలో జిరాక్సు, రైలు టికెట్ల అంగడి ఉంది. వారం వారం మెట్లెక్కుతాడు, ఏటా ఒక గుంపును పోగుచేసి హిమాలయాలకు నడకకు తీసుకుపోతాడు. అక్కడి చపాతీలు తినలేక తనవాళ్లు సగం చిక్కిపోతున్నారని ఆయన బాధ.

"మునిచంద్రా, నువ్వు రా. అన్నం వండు, సారు పెట్టు. ఎవడన్నా కూలబడితే నీ నోరు పెట్టు. చాలు."

సంగతి తెలిసి బామ్మర్ది రూపేష్ ఊరుకోలేదు. పలమనేరులో పాల వ్యాను నడుపుతాడు. పెళ్లి కావలసినవాడు, ఒళ్లంతా ఉత్సాహం. అక్క రేవతి పుట్టింటికి వచ్చిన రోజున బావను పట్టుకున్నాడు.

"బావా, నువ్వు మెట్లుంటేనే ఎక్కుతావు. ఆడ మెట్లుండవు."

"లేకుంటే నీ నెత్తిన కాలు పెట్టి ఎక్కుతాలేరా."

"నేను పలమనేరోణ్ణి బావా. చలి మాకు సుట్టం. మీ తిరుపతోళ్లు ఎండలో ఎండిన వడియాలు. మంచు తగిలితే మెత్తబడిపోతారు."

"సరే రా. నువ్వు కూలబడితే ఎవరు లేపేది? ఈ వడియమే లేపల్ల."

రేవతి నవ్వలేదు. "ఇద్దురూ మాటలు శానా మాట్లాడతాండారు. ఇదో, వాడు నీ మాట తప్ప ఎవురి మాటా ఇనడు. పిల్సకపోయినట్టే పిల్సకరావల్ల" అని మొగుడితో అంది. తలుపు వెనక నిలబడి వింటోంది వరదమ్మ, అంటే రూపేష్ తల్లి. అల్లుడి ఎదుటికి వచ్చి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. చెప్పాల్సింది ఏమున్నా కూతురి నోటితోనే చెప్పిస్తుంది. కొడుకు సంచిలో ఉన్ని టోపీ కుక్కి, పైన నిమ్మకాయ ఊరగాయ సీసా పెట్టింది.

కొండల్లో మొదటి రోజులు మునిచంద్రవే. నున్నటి గుండ్రాళ్ల మీద మేకలా పోయాడు. పైకి పోయేకొద్దీ నీళ్లు తెర్లుతాయి కానీ అన్నం ఉడకదని తెలిసి, కుక్కరు మూత మీద రాయి పెట్టి దాన్ని బూతులు తిట్టాడు. గుంపుకు దారి చూపే దోర్జే అనే కొండ మనిషితో తెలుగులోనే మాట్లాడాడు, దోర్జే ఆయనతో హిందీలో మాట్లాడాడు, ఇద్దరూ తలలూపుకున్నారు. అలిసి కూర్చున్న బ్యాంకు ఉద్యోగిని, రిటైరైన అయ్యవారిని వాళ్ల వాళ్ల కులదైవాలను గుర్తు చేసి మరీ లేపాడు. చక్రధర్‌కు గుండెల మీద బరువు దిగింది. "మునిచంద్ర ఉంటే గుంపు నడుస్తాది" అని తానే అందరితో అన్నాడు. కొండల విషయంలో ఆ మాటే గుంపుకు చట్టమైపోయింది.

కనుమ కిందున్న ఆఖరి మజిలీలో రూపేష్‌కు తల పగిలిపోయేలా నొప్పి వచ్చింది. అన్నం వద్దన్నాడు. అమ్మ ఇచ్చిన ఊరగాయ సీసా మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూసేశాడు. దోర్జే వచ్చి అతని కళ్లలోకి చూసి, గీత మీద నడిచినట్టు ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవమన్నాడు. రూపేష్ నడిచాడు, కాకపోతే మధ్యలో ఒకసారి తూలాడు. దోర్జే చేత్తో కిందికి చూపించాడు. ఇది ఎత్తులో గాలి చాలక వచ్చే నొప్పి, వీణ్ణి దించేయాలి, కిందికి దిగితే నొప్పి అదే పోతుంది, ఇక్కడ ఉంటే పోదు అన్నాడు. చక్రధర్ తెలుగులో చెప్పాడు.

మునిచంద్ర నవ్వేశాడు. "అన్నా, ఇది నాకు చెప్తారా? మోకాళ్ల పర్వతం కాడ రోజూ సూస్తాండా. తలనొప్పి, కక్కు, కళ్లు తిరగడం. కడుపులో ఏమీ లేక వచ్చేది. నిమ్మకాయ, బెల్లం పడితే లేసి ఉరుకుతాడు."

"దోర్జే వద్దంటాండాడు కదప్పా."

"దోర్జేకు మా పలమనేరోళ్ల సంగతి తెలీదన్నా. ఇంత దూరమొచ్చి, ఆ కనిపించే కనుమ దాటకుండా దిగుతాడా? రేపు ఊర్లో వీడి మొగం చూసేదెవురు?"

రూపేష్ తల పట్టుకునే నవ్వాడు. "దిగనన్నా. బావ ముందర దిగితే సచ్చేదాకా చెప్తాడు."

దోర్జే చాలాసేపు వాదించాడు. చివరికి ఒక మాట మీద ఆగాడు. పొద్దున్నకు నొప్పి తగ్గి, కక్కు రాకపోతే సరే, ఒక్కసారి కక్కినా కిందికే. అందరూ ఒప్పుకున్నారు.

తెల్లారేటప్పటికి రూపేష్ గుడారం వెనక రాళ్ల చాటుకు పోయాడు. మునిచంద్ర టీ పొయ్యి దగ్గర్నుంచి చూశాడు. వెనకే పోయాడు. రూపేష్ మోకాళ్ల మీద వంగి ఉన్నాడు. కడుపులో ఏమీ లేదు, బెల్లం నీళ్లు మాత్రం పసుపుగా మంచు మీద పడి ఉన్నాయి.

"బావా, చెప్పొద్దు."

మునిచంద్ర అటూ ఇటూ చూశాడు. బూటుతో మంచు తోసి దాని మీద కప్పాడు. తోసినంతసేపూ ఆయన మనసులో ఉన్నది ప్రేమే. మోకాళ్ల పర్వతం దగ్గర ఎవరన్నా కక్కినదాని మీద కూడా ఆయన అలాగే మట్టి తోసేవాడు, పక్కవాళ్లు చూసి నవ్వకుండా.

"పోయింది పో. ఇంక తేలిగ్గా ఉంటాది" అన్నాడు.

ఎక్కడం మొదలైంది. దోర్జే వెనక నుంచి అయ్యవారిని పట్టుకుని వస్తున్నాడు. ముందర చక్రధర్, మధ్యలో బావా బామ్మర్దులు. మంచు మీద ఎవరో నడిచిన అడుగుల గుంటలే మెట్లు. రూపేష్ కొంచెం నడిచాడు, కూర్చున్నాడు. మునిచంద్ర లేపాడు. ఇంకొంచెం నడిచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఏమిరా, చలి మీ సుట్టమన్నావే? సుట్టాన్ని చూసి కూలబడతావేందిరా?"

రూపేష్ లేచాడు. తాగినవాడిలా పక్కకు పక్కకు అడుగు పడుతోంది. మునిచంద్ర అతని చేతిలో నిమ్మ బద్ద పెట్టాడు, అది చేతిలోంచి జారి మంచులో పడింది. అతను వంగి తీసుకోలేదు, పడిందని కూడా తెలిసినట్టు లేదు.

"గోవిందా!" అని కేకేశాడు మునిచంద్ర. పైనుంచి చక్రధర్ అందుకున్నాడు, కింద నుంచి బ్యాంకు ఉద్యోగి అందుకున్నాడు. ఆ తెల్లటి గోడల మధ్య ఆ పేరు గుండ్రంగా తిరిగి వచ్చింది. రూపేష్ కదిలాడు. నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుని, నాలుక మందమైనవాడిలా అడిగాడు.

"బావా... గాలిగోపురం వచ్చిందా?"

మునిచంద్రకు నవ్వొచ్చింది. అలిపిరి మెట్ల మీదుండే గాలిగోపురం, హిమాలయంలో! ఊరికి పోయాక చెప్పుకుని నవ్వడానికి మంచి ముక్క దొరికిందనుకున్నాడు. అనుకుంటూనే, నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"వచ్చేసిందిరా. అదో, ఆ మలుపే. లెయ్యి."

రూపేష్ లేచాడు. ఆ మాట నమ్మే లేచాడు. అక్కడ్నుంచి కనుమ దాకా ఎన్నిసార్లు కూర్చున్నాడో, అన్నిసార్లూ ఆ మాటతోనే లేచాడు.

కనుమ నెత్తిన రాళ్లు పేర్చి, రంగు గుడ్డలు కట్టి ఉన్నాయి. గాలికి అవి పటపట కొట్టుకుంటున్నాయి. చక్రధర్ అందరినీ కావలించుకుంటూ ఫొటోలు తీస్తున్నాడు. రూపేష్ ఆ రాళ్లకు ఆనుకుని కూర్చుని, ఎదురుగా ఉన్న కొండల వైపు, వాటిని దాటి ఇంకెక్కడికో చూస్తున్నాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. మునిచంద్ర అతని భుజం తట్టాడు.

"గెల్సినావు కదరా. ఇంకేం? లెయ్యి, ఫొటో."

అప్పుడు లేవలేదు.

దోర్జే పైకి వచ్చి ఒక్క చూపు చూశాడు. ఏదో అరిచాడు. ఆ అరుపులో ఏ మాటా మునిచంద్రకు అర్థం కాలేదు, అయినా మొత్తం అర్థమైంది. దోర్జే సంచిలోంచి ప్రాణవాయువు డబ్బా తీసి రూపేష్ ముక్కుకు పెట్టాడు, మనిషిని వీపు మీద తాడుతో కట్టుకున్నాడు, అవతలి వైపు మంచు జారుడులోకి దిగాడు. సామాను మోసే అతని జతగాడు వెనక నుంచి పట్టుకున్నాడు. మునిచంద్ర అడ్డం పోయి తన భుజం చూపించాడు, నెత్తి చూపించాడు, నేను మోస్తా నేను మోస్తా అన్నాడు. దోర్జే పక్కకు తోసేశాడు. వెంటబడి నాలుగడుగులు దిగేసరికి కాలు జారి, చాలా దూరం వీపు మీద జారిపోయి ఒక బండకు ఆనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బరువులు మోసిన మనిషి ఆ రోజు మోసింది రూపేష్ సంచి ఒక్కటే. దిగినంతసేపూ సంచిలో ఊరగాయ సీసా దేనికో తగిలి చప్పుడవుతూనే ఉంది. పచ్చిక కనిపించే చోటికి ఆయన చేరుకునేటప్పటికి దోర్జే తాళ్లు విప్పేసి, టోపీ తీసి పక్కన కూర్చుని ఉన్నాడు.

పలమనేరులో ఇంటి ముందర అంబులెన్సు ఆగినప్పుడు వరదమ్మ గుండెలు బాదుకోలేదు. చక్రధర్ చొక్కా పట్టుకుని ఒక్కటే అడిగింది. "నా బిడ్డ ఆ మంచులో ఒంటిగా పడి పోయినాడా నాయనా?"

చక్రధర్ చెడ్డవాడు కాదు. ఆ తల్లి మొహం చూసి నోటికి వచ్చింది చెప్పాడు. "లేదమ్మా. ఒంటిగా పోలేదు. మీ అల్లుడు భుజం మీద ఏసుకోని కనుమ దాటించినాడు. ఆయన భుజం మీదనే పోయినాడు."

వరదమ్మ అప్పుడు మొదటిసారి అల్లుడి వైపు తిన్నగా చూసింది. మునిచంద్ర నోరు తెరిచాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

అక్కడ్నుంచి ఆ మాట తన కాళ్ల మీద తాను నడిచింది. పలమనేరులో ఒక భుజం, పూతలపట్టు చేరేసరికి రెండు భుజాలు. బాలచంద్ర అంగడిలో బియ్యం మూట కలిసింది, తర్వాత సిపాయిలు కలిశారు. ఫ్లెక్సీ లేచింది. వరదమ్మ మాత్రం ఆ హంగులేవీ పట్టించుకోలేదు. కూతురు వచ్చినప్పుడల్లా నువ్వుల నూనె కాచి సీసాలో పోసి పంపింది. "నా బిడ్డను మోసిన భుజం. నొప్పి ఉంటాది. పట్టించు" అని. రేవతి సాయంత్రాలు పట్టించేది. మునిచంద్ర గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఎక్కడ నొప్పి అని ఆమె అడిగితే ఏదో ఒక చోటు చూపించేవాడు. ఆమె తమ్ముడి కడపటి మాటలేమిటని అడిగితే, గాలికి వినపడలేదన్నాడు.

మెట్ల దారికి మళ్లీ పోయాడు, పోక తప్పదు కదా. సోడా కేసు అదే, నెత్తి అదే. నోరు మాత్రం పోయింది. మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చున్నవాళ్ల పక్కనుంచి, ఖాళీ మెట్ల మీద పోతున్నట్టే పోయేవాడు. ఒకసారి ఒక పిల్ల తల పట్టుకుని, "అన్నా, ఇంకెంత దూరమన్నా?" అని అడిగింది. నిలబడ్డాడు.

"శానా ఉండాదమ్మా. తల నొస్తాంటే దిగిపో."

ఆ పిల్ల తండ్రి కొట్టడానికి వచ్చాడు. కొండెక్కేవాళ్లకు దిగిపొమ్మని చెప్పే పాపిష్టి నోరు ఎక్కడిదని అంగళ్లవాళ్లు కూడా తిట్టారు.

రూపేష్ సంవత్సరీకానికి పలమనేరులో బంధువులంతా కూడారు. వరదమ్మ అన్న సుబ్రమణ్యం సూళ్లూరుపేట నుంచి వచ్చాడు. చావుకు రాలేకపోయిన మనిషి, కాబట్టి ఆయనకు మొదటి నుంచీ చెప్పాలి. తలుపు దగ్గర్నుంచి వరదమ్మే చెప్పింది. మనిషి బాగా కుంగిపోయింది కానీ ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం వెన్ను నిలబడుతుంది. బిడ్డకు బాగలేకపోతే అల్లుడు ఎట్లా ఎత్తుకున్నాడో, మంచులో అడుగు అడుగుకూ బిడ్డతో ఎట్లా మాట్లాడుతూ పోయాడో, చెప్పుకుంటూ పోయింది. మగవాళ్ల బంతిలో ఆకు ముందు కూర్చున్న మునిచంద్ర అన్నం కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టడం లేదు.

సుబ్రమణ్యం కళ్లు తుడుచుకున్నాడు. "ఇట్లాంటి మనిషి ఈ కాలంలో ఉంటాడా అమ్మా?"

"అందుకేన్నా ఒకటి అనుకున్యా" అంది వరదమ్మ. కూతురి వైపు తిరిగింది. "రేవతీ, నా బిడ్డ పేరు మీద నేను మెట్లెక్కి కొండకు పోతా. నాకు మోకాళ్లు లేవు, గుండె కూడా బాగలేదని డాక్టరు అంటాండాడు. అయినా ఎక్కుతా. మీ ఆయన్ని నా పక్కన రమ్మను. నేను కూసుంటే లేపమని చెప్పు. నా బిడ్డను దాటించినట్టు నన్నూ దాటించమను."

రేవతి మొగుడి వైపు చూసింది. ఆమె అడగనక్కరలేకపోయింది. మునిచంద్ర ఎంగిలి చేత్తోనే ఆకు ముందు నుంచి లేచాడు. రేవతిని దాటి, తలుపు దాకా పోయి, అత్తగారి ఎదుట నిలబడ్డాడు. అన్నేళ్లలో ఆమెతో ఆయన నేరుగా మాట్లాడింది అదే మొదలు.

"మొయ్యలేదత్తా. వాడే నడిచినాడు. కూసున్నప్పుడంతా నేనే లేపినా."